నీలిరెక్క రెండో భాగం

“ఎగిరేవాడికి కింద స్కూటరెందుకంకుల్?”

పక్క మంచం గుండుబాబు నిలదీశాడు.

పిల్లల వార్డంతా గొల్లున నవ్వింది.

స్టూలు మీద కూర్చున్న మనిషి తడుముకున్నాడు.

“స్కూటరు నీలిరెక్కది కాదురా, వాళ్ళ నాన్నది. కొడుకు ఆకాశంలో పోతుంటే ఆయన కింద రోడ్డు మీద వెంటే పోతుంటాడు.”

“ఎందుకు?”

“పడితే పట్టుకోవద్దూ?”

“మొదటి భాగంలో కొండనెత్తి అవతల పారేసినవాడు, పడతాడా? లాజిక్కే లేదు!”

“అసలు వాడు అనాథ కదా?” చిట్టి అందుకుంది. “ఈ నాన్న ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?”

“రెండో భాగంలో ఉన్నాడమ్మా. అంతే.”

“పోనీ స్కూటరు తీసేసి కారు పెట్టండి.”

“ఉహూఁ. నేను మార్చకూడదు.”

ఈ గోలలో నర్సు చిట్టి చేతికి సూది గుచ్చేసింది. చిట్టి అటు చూడనైనా లేదు.

మంచం పక్కన నిలబడ్డ తల్లి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

మందు ఎక్కించే రోజంటే చాలు, ఏడ్చి, కక్కుకుని, మంచం కింద దూరే పిల్ల. ఈ మనిషి సాయంత్రాలు రావడం మొదలెట్టాక తనే చెయ్యి చాపుతోంది. సినిమా హాలు మొహం చూడలేని పిల్లలు కదా, పాపం చూసొచ్చి చెబుతున్నాడనుకుంది తల్లి.

పిల్లలు ఆయనకి ‘రెండో భాగం అంకుల్’ అని పేరు పెట్టేసుకున్నారు.

ఆదివారం చిట్టి తల్లి తమ్ముడు వచ్చాడు. వాడు నీలిరెక్కకి వీరాభిమాని.

“రెండో భాగమా? మూడుసార్లు చూశాన్రా! సముద్రం ఫైటు చూడాలి... ఒళ్ళు జలదరిస్తుంది.”

“బాగుందా?” అన్నాడు గుండుబాబు.

“ఇంటర్వెల్ దాకా బంగారం. తర్వాత ఒకటే సాగదీత. పిల్లల్ని బంధించిన కోట గోడ గుద్ది పడేసేవాడు, గేటు తాళంచెవి కోసం అరగంట వెతుకుతాడు!”

“గోడ గుద్దితే లోపలున్న పిల్లల మీద పడదూ?”

“ఒరేయ్ గుండూ, ఆ ముక్క డైరెక్టరుకి తట్టలేదురా!”

“మావయ్యా, మరి స్కూటరు?” అంది చిట్టి.

“ఏ స్కూటరు?”

“వాళ్ళ నాన్నది.”

“నాన్నెక్కడున్నాడే వాడికి? అనాథగా!”

తల్లి తమ్ముణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి, ఆ కథ చెప్పే మనిషి సంగతంతా చెప్పింది.

“ఆయనెవరో సినిమా చూడనే లేదక్కా. ఇంతకీ ఆయన పేషెంటెవరు?”

ఆమెకి తెలీదు. ఏ మంచం దగ్గరా ఆయన తాలూకు వాళ్ళు లేరు. ఒట్టి చేతులతో వస్తాడు, పిల్లల మధ్య కూర్చుంటాడు, పోతాడు. పిల్లల్ని మాటల్లో పెట్టి ఎత్తుకుపోయేవాళ్ళ గురించి ఫోన్లో చూసినవన్నీ ఒక్కసారిగా కళ్ళముందు గిర్రున తిరిగాయి.

ఎవర్నీ అడగలేదు. సాయంత్రం మెట్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

“లోపల మీకెవరున్నారండీ?”

ఆయన వార్డు తలుపు వైపు చూశాడు.

“ఎవరూ లేరమ్మా.”

“ఆ సినిమా చూశారా?”

“లేదు.”

“మరి నా బిడ్డకి ఆ అబద్ధాలెందుకు చెబుతున్నారు?”

“అబద్ధం కాదమ్మా. ఇంకొక్క ముక్కే ఉంది. ఇవాళ అది చెప్పేసి పోతాను, మళ్ళీ రాను.”

“మీరు కదులుతారా, వాచ్‌మన్ని పిలవమంటారా?”



ఆయన రెండు మెట్లు దిగి ఆగాడు.

“సూది వేసేటప్పుడు పాపతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండమ్మా. వాదన పెట్టుకోండి. వాదిస్తే నొప్పి తెలీదు.”

వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం మందుల ట్రాలీ చప్పుడు వినపడగానే చిట్టి రెండు చేతులూ దుప్పట్లో దాచేసింది.

“అంకుల్ రానీ. అప్పుడే.”

తమ్ముడు ఫోన్లో సముద్రం ఫైటు పెట్టాడు. చిట్టి కాసేపు చూసి మొహం తిప్పేసుకుంది.

“ఇది కాదు. ఇందులో పడితే పట్టుకోడానికి ఎవరూ లేరు.”

తల్లి వాదన పెట్టుకుందామని చూసింది. ఒక్క ప్రశ్నా తోచలేదు. నీలిరెక్క గురించి ఆమెకేం తెలుసు?

నలుగురు పట్టుకుంటే గానీ సూది దిగలేదు. అరిచి అరిచి పిల్ల సొమ్మసిల్లిపోయింది. తల్లి గోడకేసి తల ఆనించి చెవులు మూసుకుంది.

సెలవు మీద వెళ్ళిన పెద్ద సిస్టరు ఆ రాత్రే డ్యూటీకొచ్చింది. గుండుబాబు అంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

ఆవిడ తల్లిని బయటికి పిలిచింది.

“డాక్టరుగారిని ఒప్పించి ఆయన్ని రానిచ్చింది నేనేనమ్మా. ఎవరో ఒకర్ని అడగకపోయావా?”

“భయమేసింది సిస్టర్.”

“తెలుసులే.”

“మీ కాళ్ళు పట్టుకుంటాను, పిలిపించండి. ఆ చివరి ముక్కొక్కటి చెప్పి వెళ్ళమనండి.”

“ఇందాకట్నుంచి చేస్తూనే ఉన్నా. ఫోనెత్తట్లేదు.”

“పోనీ మీకు తెలుసా ఆ చివర?”

సిస్టరు తల అడ్డంగా ఊపింది. “ఎవరికీ తెలీదు, ఆయనకి తప్ప.”

“ఎంత చక్కగా కల్పించాడు సిస్టర్! పిల్లలు ఎన్ని తప్పులు పట్టినా ఒక్కటి మార్చలేదు. పట్టుదల మనిషి!”

సిస్టరు ఫోను జేబులో పెట్టేసుకుంది.

“ఆయన కల్పించింది కాదమ్మా... రెండో భాగం వచ్చేదాకా తను ఉండనని తెలిసిపోయి, పోయినేడు ఈ వార్డులోనే, ఆయన కొడుకు రోజూ కొంచెం కొంచెంగా నాన్నకి చెప్పిపోయిన కథ అది.”