‘మ’ దగ్గర ఆగిన వేలు

“వద్దు వద్దు, కాళ్ళు వద్దు! వీణ ముందర కూసో తల్లీ” అంటూ స్రవంతి చటుక్కున పాదాలు వెనక్కి లాక్కుంది.

రోజూ ఇదే గొడవ. పాఠానికి ముందు టీచర్ కాళ్ళకు మొక్కాలని వినోద వంగుతుంది. స్రవంతి అందనివ్వదు. వినోద మూతి ముడుచుకుంటుంది. బిస్కెట్ చేతిలో పెడితే గానీ ఆ అలక తీరదు.

స్రవంతి ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచర్. బడి వదలగానే హన్మకొండ చౌరస్తాలో ఆటో దిగి, నడుచుకుంటూ భానుచందర్ ఇంటికి వస్తుంది. మూడు నెలలుగా ఆదివారం తప్ప నాగా లేదు. ఇన్నాళ్ళలో వినోదకు వచ్చిందేమిటయ్యా అంటే స, రి, గ. అంతే! ‘మ’ దగ్గరికి రాగానే వేలు గాల్లో ఆగిపోతుంది. స్కూల్లో మూడో తరగతి పిల్లలు ఈ మొదటి వరుస వారంలో పట్టేస్తారు.

గద్దిస్తే వినోద బెదిరిపోతుంది. బుజ్జగిస్తే నవ్వి ఊరుకుంటుంది. ఒక్క మాటకు మాత్రం లొంగుతుంది.

“నిమ్మళంగ తల్లీ, తీగ యాడికీ పోదు.”

ఆ మాట వింటూ పెరిగిన మనిషి స్రవంతి. తీగలు కోసుకుని వేళ్ళు మండినప్పుడూ, పాఠం రాక వీణ మీద తల వాల్చి ఏడ్చినప్పుడూ ఆ మాటే ఆమెను నిలబెట్టింది. ఇప్పుడు అది తన నోటితో అనాల్సి వస్తోంది.

“ఐతారం మా అమ్మ వస్తది టీచరమ్మా. వాయించి సూపియ్యాలె” అంది వినోద, బిస్కెట్ నములుతూ.

ఆ అమ్మ ఇక ఏ ఆదివారమూ రాదు. ఆ సంగతి తెలిసిన భానుచందర్ గోడవైపు తిరిగాడు.

“సూపిద్దాం” అంది స్రవంతి. ఇంకేమనాలి?

వెళ్ళేటప్పుడు భానుచందర్ గేటు దాకా వచ్చాడు.

“చెల్లే, శుక్రవారం దాకా చూద్దాం. ఎవ్వరు అందియ్యకుంట ఒక్క లైను వాయిస్తె సరే. లేకుంటె బంద్ చేద్దాం. వీణ నువ్వే మీ స్కూల్‌కు తీస్కపో.”

“అట్ల అనకు అన్నా. వీణ ముట్టుకుంటనే కద ఆ మొఖంల నవ్వు కనపడేది!”

“నవ్వేది గంటసేపు. రాలేదని రాత్రంత ఏడుస్తాంది. నాతోని అయితలేదు చెల్లే.”

ఆయనను మాత్రం ఏమని తప్పుపడుతుంది?

శుక్రవారం వచ్చేసింది. వినోద మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వించుకుని, చాప మీద బుద్ధిగా కూర్చుంది. భానుచందర్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

స. రి. గ.

వేలు ఆగింది.

స్రవంతి పెదవి దాకా వచ్చిన స్వరాన్ని అక్కడే పట్టుకుంది. అందిస్తే ఓడినట్టే. అందించకపోయినా ఓడినట్టే. ‘ఇంకొక్క మెట్టు, దేవుడా, ఒక్క మెట్టు!’ అని లోపల మొక్కుకుంటూనే ఉంది.

“టీచరమ్మా, తర్వాత ఏంది?”

వినోద కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. భానుచందర్ వచ్చి, మెల్లగా ఆ చేతుల కింద నుంచి వీణ తీసి గలీబు తొడిగాడు.

వినోద కాసేపు ఏడ్చింది. తర్వాత ఎందుకు ఏడ్చిందో మరిచిపోయి, ముఖం తుడుచుకుని, స్రవంతిని కొత్తగా చూసింది.

“నువ్వేనా టీచరమ్మవు? నాకు వీణ నేర్పుతవా?”

మళ్ళీ కాళ్ళకు మొక్కబోయింది. స్రవంతి ఈసారి కాళ్ళు లాక్కోలేదు. ఆ రెండు చేతులూ పట్టుకుని ఆపి, తానే కిందికి వంగి వినోద పాదాల మీద తల ఆనించింది.

ఇరవై ఏళ్ళ కిందట, ఎనిమిదేళ్ళ పిల్లగా, ఇదే గదిలో, భానుచందర్ తల్లి వినోద టీచర్ పాదాలకు ఇలాగే మొక్కి, స్రవంతి తన మొదటి ‘స’ మీటింది.