శనివారం నాటి కాపీ

జగిత్యాల పక్కనున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బుధవారం పొద్దున సర్వర్ గది కాలిపోయింది. పన్నెండు వందల మంది పరీక్షా ఫలితాలు మర్నాడే ఇవ్వాలి.

ఇలాంటి ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్లాన్ రాసింది కంప్యూటర్ విభాగంలో పనిచేసే సుగుణే. దాని ప్రకారం ప్రతి శనివారం మార్కుల కాపీ ఒకటి కోరుట్ల శాఖలోని బీరువాకు చేరుతుంది. ఆమే జీపులో వెళ్ళి ఆ డిస్కు తెచ్చింది. కొత్త సర్వర్‌కు తగిలించి, తీగలన్నీ రెండుసార్లు సరిచూసింది.

రిజిస్ట్రార్ మదన్ మోహన్ రావు పక్కనే కూర్చున్నాడు. "మార్కులు రాకపోతే పిల్లలందరికీ మల్ల పరీక్ష పెట్టుడే. అయినా గంత భయమెందుకు బిడ్డా? అన్నీ అస్తయి."

"అస్తయి సార్," అంది సుగుణ.

గంట తర్వాత మార్కులన్నీ తెర మీదికి వచ్చాయి. "నీ ప్లానే కాపాడింది," అంటూ ఆయన ఫోన్లు చేయడానికి బయటికి వెళ్ళాడు.

సుగుణ తన తమ్ముడి హాల్‌టికెట్ నంబరు కొట్టింది. లెక్కల్లో ఇరవై ఎనిమిది.

ప్రమాదానికి రెండు రోజుల ముందు, సోమవారం, ఎవరూ చూడకుండా ఆమె దాన్ని నలభై చేసింది. డిస్కులో పాత మార్కే ఉంటుందని తెలిసి, దారిలో దాన్ని పారేద్దామని కూడా అనుకుంది. ఇప్పుడు ఆ దిద్దుబాటు బూడిదైపోయింది. మళ్ళీ దిద్దాలనుకుంటే గదిలో ఆమె ఒక్కతే ఉంది.

ఆమె తెర మూసి ఫోను తీసింది. "తమ్మీ, లెక్కల్ల ఫెయిలైనవ్‌రా. బుగులు పడకు. నేను దగ్గర కూసోని చెప్త."

సోమవారం నుంచి మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.