స్పామ్‌లో పడ్డ కొడుకు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? హాలు మధ్యలో నిలబడి ఈ రెండు ప్రశ్నలూ వేసింది ఆడపడుచు. జవాబులు చెప్పిందీ ఆమే.

“జరిగింది మా నాన్నకి. కన్నకొడుకు మెయిల్ మీద మెయిల్ పెడుతుంటే ఒక్కటీ ఆయన కంట పడనివ్వలేదు. చేసింది నువ్వు.”

కోడలు కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పి వినడం ఆమె అలవాటు. ఇప్పుడూ అలాగే విన్నది.

“వినబడిందా, మళ్ళీ చెప్పాలా? కావలసినప్పుడు వస్తుంది, అక్కర్లేనప్పుడు పోతుంది నీ చెవుడు!”

“వినబడింది వదినా.”

మామగారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు బజారులో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. ఆయన బల్ల మీద ఇప్పుడు ఒక కంప్యూటరు, దాని పక్కన గుడ్డ కప్పిన పెద్ద రేడియో ఉన్నాయి. ఎవరి పక్షమూ వహించకుండా ఊరుకోవడం ఆయనకు కొత్త కాదు.

“నాన్న మెయిల్‌కి ఈ ఫిల్టర్ పెట్టింది నువ్వేగా?” అంది ఆడపడుచు.

“నేనే. లాటరీ తగిలిందనీ, అప్పు ఇస్తామనీ ఒకటే చెత్త వచ్చిపడేది. మామయ్యగారు విసుక్కుంటుంటే పెట్టాను.”

“పనిలో పనిగా మా తమ్ముణ్ణి కూడా చెత్తలో కలిపేశావు.”

“లేదు వదినా. దానికి మనుషులు తెలియరు. ఏది అక్కర్లేదో మనం మీట నొక్కి చూపిస్తే, చూసి నేర్చుకుంటుంది. నేను ఆయన పేరు చూపించలేదు. అసలు మామయ్యగారి మెయిల్ నేను తెరవను.”

“అయితే దయ్యం వచ్చి నొక్కిపోయిందా?”

ఆడపడుచు కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. బడిలో లెక్కలు చెప్పే టీచరు. తప్పు పట్టుకునే దాకా నిద్రపోదు. చెత్త మెయిళ్ళు చేరే స్పామ్ పెట్టె తెరిచింది. లాటరీలకూ అప్పులకూ నడుమ వరుసగా తమ్ముడి పేరే కనిపించింది.

“ఇదిగో, దొరికావు! ‘నాన్నా, ఇంటికి వచ్చేస్తాను. ముందు దాన్ని పంపించెయ్.’ పాపం, ఎంతగా బతిమాలాడో!”

కోడలు మిషను మీంచి తల తిప్పి చూసింది. భర్త పేరు ఆ తెర మీద చూడడం ఆమెకు అదే మొదలు.

“ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, వెంటనే పెట్టేస్తున్నారట. అదీ నీ ఘనకార్యమే అయుంటుంది. మొగుణ్ణి తరిమేసి మామగారింట్లో మహారాణిలా తిష్ఠ వేశావు. వాడున్నప్పుడు ఈ ఇల్లు ఎలా ఉండేది! వీధి చివరి దాకా రేడియో మోగిపోయేది. ఇప్పుడు చూడు, శ్మశానంలా ఉంది.”

ముసలాయన చూపు గుడ్డ కప్పిన రేడియో మీదికి వెళ్ళింది. కాలినట్టు వెనక్కి వచ్చింది.

“ఇప్పుడు విను,” అంది ఆడపడుచు. “నాన్న ఇది చదివి ‘రా’ అని ఒక్క ముక్క రాస్తే వాడు రేపే వస్తాడు. సాయంత్రంలోగా నువ్వూ నీ కూతురూ సామాను సర్దుకోవాలి. ఇల్లు నాన్నది. మాట నాన్నది.”

“మామయ్యగారు పొమ్మంటే పోతాను.”

అన్నదే గాని కోడలు ఎన్నిసార్లు ప్రయత్నించినా సూదిలోకి దారం ఎక్కలేదు. కూతుర్ని తీసుకుని పోవడానికి ఆమెకు మరో గడప లేదు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

ఆడపడుచు అన్నిటికంటే కొత్త మెయిలును పట్టుకుని, ‘ఇది స్పామ్ కాదు’ అన్న మీట నొక్కింది. స్పామ్‌లోంచి బయటపడి అది ఇన్‌బాక్స్‌లో అన్నిటికీ పైన నిలిచింది. ఆమె దాన్ని తెరిచి, లేచి, తండ్రిని చెయ్యిపట్టి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

“చదువు నాన్నా. ఈవిడకి భయపడకు, నేనున్నాను. నీ చేత్తోనే జవాబివ్వు.”

ముసలాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. కోడలి వైపు తిరిగి, వినబడని ఆమె ఎడమ చెవి వంక కాసేపు చూశాడు. తరువాత మౌసు మీద చెయ్యి వేశాడు.

పక్కగదిలో కొడుకు కొడుతున్నప్పుడల్లా కోడలి కేకలు వీధిలోకి వినబడకుండా రేడియో గొంతు పెంచుతూ వచ్చిన ఆ వేళ్ళే, రోజూ పొద్దున ఆమెకు తెలియకుండా చేస్తున్నట్టే, కొడుకు మెయిలును చదవకుండా మళ్ళీ స్పామ్‌లోకి నెట్టి, ఏళ్ళనాటి బాకీని ఆమె కళ్ళెదుటే పూర్తిగా తీర్చేశాయి.