టమాటా మచ్చ

గ్రహణం రోజున జాయిస్ కత్తిపీట ముందేసుకుని కూర్చుందట. కడుపుతో ఉన్న మనిషి, భయం భక్తీ లేకుండా కిలో టమాటాలు తెగ్గోసిందట. ఎదురింటి రత్తమ్మ కిటికీలోంచి కళ్ళారా చూసిందట. ఆ ఎరుపే బిడ్డ చెంపకు దిగిందని రత్తమ్మ కూరగాయల బండి దగ్గర అన్న మాట, జగ్గయ్యపేట దాటి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలకు పంక్చర్లు వేసే ప్రేమానందం చెవిదాకా వెళ్ళింది.

సాయంత్రం ఇంటికొస్తూనే పెళ్ళాన్ని నిలదీశాడు. "కోసావా?"

"కోసా. పప్పులో వేసా. మీరు రెండుసార్లు వడ్డించుకున్నారు," అంది జాయిస్.

పాపకు మూడు నెలలు. పుట్టినప్పుడు చెంప నున్నగా ఉంది. మూడోవారంలో కుడికన్ను కింద చిన్న ఎర్రచుక్క లేచింది. ఇప్పుడది రూపాయి బిళ్ళంతయి, ఉబ్బి, ముట్టుకుంటే మెత్తగా ఉంది. ఏడిస్తే ఇంకా ఎర్రబడుతుంది. చర్చిలో ఎవరో టోపీ కాస్త కిందికి లాగమంటే, "ఎందుకండీ, లోపల ఎండేం లేదుగా!" అంది జాయిస్. ఆ తర్వాత అసలు టోపీయే పెట్టడం మానేసింది.

రత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. అరుగు మీద బియ్యం ఏరుతున్న ప్రేమానందం తల్లి కృపావతి పక్కన చేరింది.

"నీ కోడలికి చెప్పలేక నీకు చెప్తున్నా కృపమ్మా. అది తగ్గేది కాదు. నీ మొహమే సాక్ష్యం."

కృపావతి ఎడమచెంప మీద, కంటికింద నుంచి పెదవి కొసదాకా తెల్లగా ముడుచుకుపోయిన మచ్చ ఉంది. నవ్వినా ఆ కొస కదలదు. ఎవరడిగినా "పుట్టుకతో వచ్చింది" అనేది, చెంగు ముందుకు లాక్కుని.

"మీ అమ్మ కూడా గ్రహణంలో ఏదో కోసుంటదిలే," అంది రత్తమ్మ.

"మా అమ్మ జోలికి రాకు."

కృపావతి చేట అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు జాయిస్ పట్టుబట్టి అందర్నీ నందిగామ బస్సెక్కించింది. చర్మవ్యాధుల డాక్టరమ్మ పాప చెంప మీద వేలుపెట్టి మెల్లగా నొక్కింది. మచ్చ పాలిపోయింది. వేలు తీయగానే మళ్ళీ ఎర్రగా నిండింది.

"రక్తనాళాల గడ్డ. క్యాన్సర్ కాదు, ఎవరి తప్పూ కాదు. కొన్ని నెలలు పెరిగి, తర్వాత ఏళ్ళమీద దానంతటదే కరుగుతుంది. కంటి దగ్గరుంది కాబట్టి ఊరుకోకూడదు. గుండె పరీక్ష చేసి చుక్కల మందిస్తా. పాలు తాగాకే వెయ్యాలి."

"మా అమ్మకీ ఇదే మేడం. అరవై మూడేళ్ళు. ఎక్కడ కరిగింది?" అన్నాడు ప్రేమానందం.

డాక్టరమ్మ కృపావతి చెంపవైపు చెయ్యి చాపింది. కృపావతి చెంగు అడ్డం పెట్టుకుంది.

"నా సంగతెందుకమ్మా? బిడ్డని చూడు."

మందు మొదలైంది. పదిరోజులకు ఎరుపు మధ్యలో కాస్త బూడిదరంగు తిరిగిందని జాయిస్ రోజూ వెలుతుర్లో పెట్టి చూపించేది. ప్రేమానందానికి అదేం కనపడలేదు. మెడికల్ షాపతను సీసా తిప్పిచూసి, "ఇది బీపీ మందు కదన్నా!" అన్నదే చెవుల్లో మోగుతోంది. ఆ సీసా తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి వరండాలో వీరరాఘవయ్య కూర్చుని ఉన్నాడు. చెవిటికల్లు నుంచి పిలిపించింది ప్రేమానందమే. తండ్రి దగ్గర నేర్చిన నాటువైద్యం ఆయనది. ముందు ఒక చిన్న దీపం, దబ్బనం, నల్లజీడి గింజ.

"ఒకే ఒక్క చుక్క. మూడ్రోజులు మండుద్ది. పొక్కి ఊడిపోద్ది. చెంప అద్దంలా ఉంటది," అన్నాడు.

జాయిస్ బిడ్డని హత్తుకుని గోడకు ఆనుకుంది. "ముందు మీ చెంపకు పెట్టుకోండి. మూడ్రోజులాగి చూస్తా."

"నువ్వు నోర్ముయ్," అని ప్రేమానందం తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నిన్ను బడిలో ఏమన్నారో, పెళ్ళిచూపుల్లో ఏమన్నారో నువ్వే చెప్పావుగా. నా కూతురూ అట్టా పడాల్సిందేనా?"

కృపావతి దీపంవంక చూసింది. తర్వాత లేచి చేతులు చాపింది.

"బిడ్డనిటివ్వు."

"అత్తయ్యా... మీరు కూడానా?"

"ఇవ్వమన్నానా!"

పాపను తీసుకుని వీరరాఘవయ్య ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆయన జీడిగింజను దబ్బనానికి గుచ్చి మంటమీద తిప్పాడు. నల్లటి నూనె ఉబికింది.

"చూసావా తల్లీ, పెద్దదానికి తెలిసింది," అన్నాడు జాయిస్‌తో. తర్వాత కృపావతి మొహంలోకి చూసి జాలిపడ్డాడు. "మీ పుట్టిల్లు మా పక్కూరేనంటగా అక్కా? మా నాయన ఉన్న రోజులే అవి. అంత దగ్గరుండి కూడా... మీ అమ్మ నీకు ఆ వయసులోనే ఆయనచేత ఒక్క చుక్క పెట్టించుంటే, ఈ మొహం ఇట్టా అయ్యేదా?"

కృపావతి చెంగు పక్కకు తీసింది. వంగి దీపాన్ని ఉఫ్‌మని ఊదేసింది.

"పెట్టించింది."