మూడో మేకు

గేటుకు తాళం వేశారు. సెల్‌ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకున్నారు. పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరూ బయటికి వెళ్లకూడదన్నారు.

వరండాలో బల్ల మీద తొమ్మిది మంది కూర్చున్నారు. అందరూ గుర్రాలకు లాడాలు కొట్టేవాళ్లే. పాకాల నుంచి వచ్చిన దేవరాజులు చివరన ఉన్నాడు. ఎదురుగా గుంజకు కట్టేసిన తెల్లగుర్రం ఒకటి, ఎడమ ముందుకాలు నేలకు ఆనీ ఆనకుండా పెట్టి నిలబడి ఉంది.

ఆ గుర్రమే పరీక్ష. అది ఎందుకు కుంటుతోందో చూసి, ఒక్కొక్కరే గదిలోకి వెళ్లి డాక్టరు నందినికి చెప్పాలి.

తిరుపతిలో ఈ శిక్షణ మూడు రోజులు. గిట్ట ఏటవాలు కొలవడం, ఎక్స్‌రేలో ఎముక చూడడం, ఇంకా ఏవేవో నేర్పారు. వచ్చే నెల నుంచి ఈ సర్టిఫికెట్టు లేనివాళ్లను గుర్రపుశాలల్లోకి రానివ్వరట. దేవరాజులుకు యాభై ఆరేళ్లు. వేరే పని రాదు.

మొదటి రోజు అంతా నవ్వులే. శ్రీకాళహస్తి ప్రేమానందం ఊరుకునే మనిషి కాదు. “ముప్పై ఏండ్లు గుర్రాల కాళ్లు పట్టుకుంటిమి. ఇప్పుడు బెంచీ మింద కూసోబెట్టి మాకు గిట్ట యాడుండాదో సూపిస్తా ఉండారు” అన్నాడు. నందిని కూడా నవ్వింది.

తర్వాత ఒక మాట చెప్పింది.

“మేకు పచ్చి కండలోకి దిగితే గుర్రం ఉలిక్కిపడుతుంది. మీ చేతికి తెలుస్తుంది. వెంటనే పీకేస్తే అది తప్పు కాదు. తెలిసి కూడా, గిట్ట బయటికొచ్చిన మేకు కొన మడిచి పంపించేసిన మనిషికి మాత్రం నేను సంతకం పెట్టను.”

అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఈ ఉదయం తొమ్మిది మందీ వరసగా గుర్రం కాలెత్తి చూశారు. దేవరాజులు కూడా చూశాడు. గిట్ట వేడిగా ఉంది. సుత్తితో మెల్లగా తట్టాడు. లోపలి వైపు మూడో మేకు దగ్గర గుర్రం కాలు లాక్కుంది.

అతను ఆ మేకునే చూస్తూ ఉండిపోయాడు. బయటి వైపు నాలుగు, లోపల మూడు. కొన మడిచాక ఆకురాయితో అడ్డంగా రెండు గీతలు. తన చేతిపని తనకు తెలియదా?

నెల కిందట పాకాలలో ఒక పెళ్లి ఊరేగింపు. బ్యాండువాళ్లు మొదలుపెట్టేశారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు తొందరపెడుతున్నారు. మేకు దిగుతుంటే తెల్లగుర్రం ఒళ్లంతా ఒక్కసారి వణికింది. పీకి మళ్లీ కొట్టాలంటే ఇంకో పావుగంట. దేవరాజులు కొన మడిచి, ఆకురాయి తిప్పి, “పొండి” అన్నాడు.

అదీ ముందుకాలే. ఎడమో కుడో ఇన్నాళ్లూ గుర్తు లేదు. ఇప్పుడు ఎడమేనని గట్టిగా గుర్తొచ్చింది.

మొదట ఐరాల జయచంద్రను పిలిచారు. పది నిమిషాలకు బయటికొచ్చి, తిన్నగా కొళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు.

“ఏమడిగినారన్నా?” అన్నాడు దేవరాజులు.

“ఏం లేదబ్బా” అంటూ దూరంగా పోయి కూర్చున్నాడు.

రెండోవాడు వచ్చాడు. దేవరాజులు వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. మూడోవాడూ అంతే. నాలుగోవాడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఒకే జిల్లాలో ఒకే పని చేసుకునేవాళ్లు. తన చేతిపని వాళ్లకు తెలుసు. లోపల తన పేరు చెప్పేసి వస్తున్నారు.

లేచి గేటు దగ్గరికి వెళ్లాడు.

“ఇంట్లో బాగాలేదన్నా. నేను పోవాల.”

వాచ్‌మన్ బీడీ తీసి అతన్ని ఎగాదిగా చూశాడు. “నీ ఇంట్లో గూడానా? మేడమ్ చెప్తే తీస్తా. పోయి కూసో.”

తిరిగొచ్చేసరికి ప్రేమానందం గదిలోంచి వస్తున్నాడు. మూడు రోజులుగా ఆగని నోరు మూసుకుపోయింది. బల్లకు ఆ కొసన కూర్చుని కాలి బొటనవేలుతో నేల గీకుతున్నాడు.

దేవరాజులు పక్కకు జరిగి మెల్లగా అడిగాడు. “ఏమప్పా, నా పేరు చెప్పినావా?”

“నీ పేరు నేనెందుకు చెప్తానప్పా” అన్నాడు ప్రేమానందం, తల ఎత్తకుండానే.

దేవరాజులు నమ్మలేదు.

ఎనిమిదోవాడు కూడా వెళ్లొచ్చాడు. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

గది చిన్నది. కిటికీ మూసి ఉంది. బల్ల మీద సర్టిఫికెట్లు దొంతరగా ఉన్నాయి. పేర్లు రాసి ఉన్నాయి, సంతకాలు లేవు. నందిని చేతిలో పెన్ను ఉంది.

“చెప్పండి దేవరాజులు గారూ. ఎందుకు కుంటుతోంది?”

భుజం పట్టేసిందని చెప్పవచ్చు. గిట్ట పగిలిందని చెప్పవచ్చు. కానీ ఎనిమిది మంది చెప్పేసి పోయాక ఏం చెబితే ఏం లాభం? అబద్ధం చెప్పినా సంతకం పడదు. నిజం చెప్పినా పడదు. అతను వెనక్కి చూశాడు. తలుపు వేసి ఉంది.

“లోపలి వైపు మూడో మేకు మేడమ్. పచ్చి కండలో దిగింది.”

“తర్వాత?”

“దాన్ని కొట్టింది నేనే. అది ఉలిక్కిపడింది, నాకు తెలిసింది. అయినా పీకలేదు. పెండ్లోళ్లు తొందరపెట్టిరి. కొన మడిచి పంపించేసినాను.”

నందిని పెన్ను కింద పెట్టింది.

“ఆ గుర్రం మైసూరు నుంచి ఈ జిల్లాలో అడుగుపెట్టి నాలుగు రోజులు కూడా కాలేదు, లాడాలు కూడా అక్కడ కొట్టినవే, కానీ ఆ మేకు నాదేనని పొద్దుటి నుంచి నాతో చెప్పుకున్నవాళ్లలో మీరు తొమ్మిదోవారు” అంది.