దవాఖానలో రాయించిన పేరు

"అమ్మ ఉన్నదా సేటూ? జర మాట్లాడాలె."

మట్టెవాడలో స్టీలు సామాన్ల కొట్టు వీరభద్రం తలెత్తి చూశాడు. గుమ్మం దగ్గర ముతక చీర కట్టుకున్న మనిషి. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"ఏ అమ్మ?"

"శోభారాణమ్మ."

తూకం వేస్తున్న బిందెను కింద పెట్టాడు.

"మా ఇంటామెతోని నీకేం పని?"

ఆమె గిరాకీల వైపు చూసి గొంతు తగ్గించింది.

"దవాఖాన ముచ్చట. ఆమెకే చెప్పాలె."

ఎవరైనా విన్నారేమోనని వీరభద్రం చుట్టూ చూశాడు.

నెల కింద భార్య కడుపులో గడ్డ తీయించాడు. ఆడవాళ్ల జబ్బు బజారుకెక్కితే పరువేం కాను? అందుకే దవాఖానలో ఆమె పేరు పద్మ అని, ఊరు నర్సంపేట అని రాయించాడు. ఫోన్ నంబరూ ఉత్తదే. చుట్టాలకు తీర్థయాత్ర అని చెప్పాడు. ఆడవాళ్ల వార్డు కాబట్టి తను గుమ్మం దాటి లోపలికి పోలేదు. గడ్డ పరీక్ష ఫలితం కోసం రమ్మంటే పోనేలేదు. "గడ్డ పోయింది, గండం పోయింది" అని భార్యను నమ్మించాడు. పెద్ద తెలివిగలవాడు మరి.

అంత గుట్టు ఈమెకెలా తెలిసింది? బెదిరించి డబ్బు గుంజడానికే వచ్చిందనుకున్నాడు.

"ఆమె ఊర్లె లేదు. నడువు."

పది రోజులకు మళ్లీ వచ్చింది.

"ఆలస్యం చేస్తే మంచిగుండది సేటూ. ఎనుకసిరి నువ్వే ఏడుస్తవ్."

"నన్నే బెదిరిస్తానవా?"

ఐదువందల నోటు ఆమె ముందు పడేశాడు. ఆమె దాన్ని ముట్టలేదు.

"దినాలు పోతానయ్" అని మాత్రం అంది.

ఆ మాటకు అతనికి నిజంగానే భయమేసింది. ఆ రోజు నుంచి భార్యను కొట్టు పైనున్న మేడ దిగనివ్వలేదు.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె నిలబడలేక మెట్టు మీద కూలబడింది.

"ఒక్కపారి పిలువు. నీ కాల్మొక్కుత."

"పోలీసులను పిలుస్త" అన్నాడు.

ఆమె గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. పీడ విరగడైందని వీరభద్రం కొబ్బరికాయ కొట్టాడు.

ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో శోభారాణి కడుపు ఉబ్బింది. ముద్ద దిగలేదు. అదే దవాఖానకు పరుగెత్తాడు. అసలు పేరు ఒప్పుకోక తప్పలేదు.

డాక్టర్ ప్రేమలత పాత ఫైలు ముందు పెట్టుకుంది.

"అండాశయం క్యాన్సర్. అప్పుడు మొదటి దశే. వయసు నలభై దాటలేదు. గడ్డ పగలకుండ వచ్చింది, ఎటూ పాకలేదు. వెంటనే కీమో మొదలుపెడితే బతికే ఆశ చాలా ఉండె. మీ నంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినమో. వార్డులో ఉన్నోళ్లను సుత అడిగినం."

"ఇప్పుడు మేడమ్?"

"కడుపంతా పాకింది. మందులైతే ఇస్తం. అప్పటి ధైర్యం ఇప్పుడు చెప్పలేను."

వరండాలో భార్య పక్కన కూర్చుని వీరభద్రం ఏడ్చాడు. ఆ మనిషి మూడుసార్లు వచ్చిపోయిన సంగతి అప్పుడు చెప్పాడు.

"దవాఖానోళ్లే పంపిన్రేమో శోభా. నేను ఎళ్లగొట్టిన."

"వాళ్లకు మన ఇల్లెట్ల ఎరుక?" అంది శోభారాణి.

ఆ మనిషి ఎలా ఉందో అడిగి తెలుసుకుంది.

"ఆమె పరకాల కట్టమ్మ. నా పక్క మంచమే, ఆమెకూ ఇదే రోగం. నా అసలు పేరు, మన కొట్టు జాడ ఆమెకొక్కదానికే చెప్పి, డాక్టరుకు సుత చెప్పొద్దని ఒట్టేయించుకున్న."