రెండో పూత ఆరేలోగా

“ఒరేయ్, కాలు తియ్యరా!” అని పెయింటరు నిచ్చెన మీంచి అరిచేసరికే బుడ్డోడు రోలరు ముంచే ట్రేలో నిలబడి ఉన్నాడు. అందులోంచి దిగి, పొద్దున్నే తుడిచిన నేల మీద నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి తన పసుప్పచ్చ పాదాల గుర్తులు చూసుకుని చప్పట్లు కొట్టాడు.

అక్క ఒక్క పరుగున వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు, బుడ్డోడికి మూడు. వంటింట్లోంచి ఆంటీ వచ్చేలోగా వాణ్ని చంకనేసుకుని, తన కాలు కూడా ట్రేలో పెట్టి నేల మీద మోపింది.

“ఎవరే ఈ పని చేసింది?” అంది ఆంటీ గుమ్మంలో నిలబడి.

“నేనే ఆంటీ. చూసుకోలేదు.”

పెయింటరు ముసలాయన ఏదో అనబోయి, ఆ పిల్ల మొహం చూసి మళ్ళీ గోడకేసి తిరిగాడు. ఆంటీ వంగి గుర్తులు చూసింది. ఆవిడకి కోపం రాలేదు. పైగా నవ్వొచ్చింది.

“చిన్నవి ఉండనీ, ముద్దొస్తున్నాయి. నీది మాత్రం తుడిచెయ్.”

బతుకు జీవుడా అనుకుని అక్క గుడ్డ తడుపుకొచ్చి తన అడుగు గుర్తు మచ్చలేకుండా తుడిచింది. వాడి మీద కోపం రాలేదంటే సగం గండం గడిచినట్టే.

ఎందుకంటే ఇంతకుముందు రెండిళ్ళు వీడి పుణ్యమా అనే పోయాయి. మొదటి ఇంట్లో వారం తిరక్కుండానే కొత్త పరుపు తడిపాడు. రెండో ఇంట్లో ముద్దు పెట్టుకోబోయిన పెద్దావిడ ముక్కు కొరికాడు. రెండుసార్లూ ఇద్దరూ వ్యానెక్కి అనాథ పిల్లల హాస్టలుకి తిరిగొచ్చారు. ఇది మూడోది. వచ్చి మూడు వారాలైంది. ఇవాళ నాలుగింటికి వార్డెనమ్మ దత్తత కాగితాలు పట్టుకుని వస్తుంది. ఉంచుకుంటామంటే సంతకం, లేదంటే మళ్ళీ వ్యాను.

అందుకే ఇద్దరి బట్టలూ కుక్కి తెచ్చిన ఆ ఒక్క సంచినీ అక్క ఇంకా ఖాళీ చెయ్యలేదు. రెండుసార్లు సర్దినవి రెండుసార్లూ మళ్ళీ సంచిలో కుక్కాల్సొచ్చి, దానికి బెంగ పట్టుకుంది. కానీ ఈసారి కాస్త ధైర్యంగానే ఉంది. పంపించేసే పిల్లల కోసం ఎవరైనా గదికి రంగు వేయిస్తారా?

“రెండో పూత అయిపోయింది. నాలుగింటికల్లా ఆరిపోద్ది,” అన్నాడు పెయింటరు నిచ్చెన దిగుతూ. “అప్పటిదాకా మీ వాడి చేతులు కట్టేసి ఉంచు. అవునూ, నీకీ పసుపంటే ఇష్టమా?”

“నాకు నీలం ఇష్టం తాతా.”

“మరి చెప్పకపోయావా?”

“నన్నెవరూ అడగలేదుగా. అడిగినా పసుపే అందును. నీలం గోడైతే వీడు చీకటి పడిందని ఏడుస్తాడు.”

ఆంటీ చేతిలో ఎప్పుడూ ఉండే చిన్న పుస్తకం తెరిచి ఆ మాట రాసుకుంది. మూడు వారాలుగా ఇదే వరస. వాడేం తింటాడు, దేనికి భయపడతాడు, జ్వరమొస్తే మందెలా మింగిస్తావు అంటూ ఆవిడ అడిగేది, ఇది పూస గుచ్చినట్టు చెప్పేది. పుస్తకం దాదాపు నిండిపోయింది.

“ఎంత ఏడ్చినా చెవి తమ్మె పట్టుకోనిస్తే చాలు ఆంటీ, నిద్రపోతాడు. నా చెవే పట్టుకుంటాడు. మీ చెవి కూడా అలవాటు చేశాన్లెండి. నిన్న పట్టుకున్నాడు కదా?”

“పట్టుకున్నాడు,” అంది ఆంటీ. “నువ్వే లేకపోతే వీడి సంగతులు మాకేం తెలిసేవే తల్లీ!”

ఆ మాటకి అక్క పొంగిపోయింది.

మధ్యాహ్నం అంకుల్ మంచం పట్టుకొచ్చాడు. చుట్టూ కటకటాలున్న బుల్లి మంచం. “ఒక్కటేనా సార్?” అన్నాడు డబ్బాలు సర్దుకుంటున్న పెయింటరు.

“గది చిన్నది కదా,” అన్నాడు అంకుల్ తల ఎత్తకుండా.

“పర్లేదంకుల్, నేను ముడుచుకుని పడుకుంటాను,” అంది అక్క గబగబా. అంకుల్ మేకుల డబ్బాలో ఏదో వెతుక్కున్నాడు.

మూడున్నరకి పక్క గదిలో పడుకున్న బుడ్డోడు ఉలిక్కిపడి లేచి, ఇల్లెగిరిపోయేలా ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. సరిగ్గా ఇప్పుడే ఏడవాలా వీడు! వార్డెనమ్మ వచ్చే వేళకి ఈ గోల వింటే వీళ్ళు మనసు మార్చుకుంటారేమోనని అక్క పరిగెత్తింది.

“నువ్వుండు. నేను చూస్తాను,” అని ఆంటీ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

అక్క తలుపుకి చెవి ఆనించి నిలబడింది. పట్టుకోరా, ఆంటీ చెవి పట్టుకోరా, అని లోలోపల బతిమాలుకుంది. ఏడుపు తగ్గి, వెక్కిళ్ళుగా మారి, ఆగిపోయింది. తలుపు సందులోంచి చూస్తే వాడు ఆంటీ భుజం మీద వాలి, ఆవిడ చెవి పట్టుకుని ఉన్నాడు. ఒక్క క్షణం దాని మనసు చివుక్కుమంది. ఆ వెంటనే సిగ్గేసి, కళ్ళు తుడుచుకుని నవ్వుకుంది. ఇంక ఏ గొడవా లేదు.

నాలుగింటికి వ్యాను ఆగింది. వార్డెనమ్మ హాల్లో కూర్చుని కాగితాలు పరిచింది. అక్క గోడ చాటునుంచి తొంగి చూసింది. అంకుల్ సంతకం పెట్టాడు. వాణ్ని ఎత్తుకునే ఆంటీ కూడా పెట్టింది.

అక్కకి కాళ్ళు నేల మీద నిలవలేదు. పసుప్పచ్చ గదిలోకి పరిగెత్తి గోడ మీద వేలు పెట్టి చూసింది. ఆరిపోయింది. ఇక బట్టలు సర్దుకోవచ్చు. సంచి కోసం వెతికితే పక్క గదిలో మంచం కింద లేదు, వీధి గుమ్మం దగ్గర ఉంది. అక్కడికెవరు పెట్టారని కూడా ఆలోచించకుండా, ముందు బుడ్డోడి చొక్కాలు తీద్దామని జిప్పు లాగింది.

లోపల అన్నీ తన బట్టలే ఉన్నాయి.